గీత లోపలి బరువు

మా వసారాలో గోడవారగా ఒక కాటా ఉంది. జీడిపిక్కల బస్తాలు తూచే కాటా. ఊళ్లో పిక్కలు కొనే ఆయన కొత్తది తెచ్చుకుని పాతది నాకిచ్చేశాడు. యాభై గ్రాముల తేడా వచ్చినా చూపిస్తుంది. దాని మీద రెండేళ్లకు పైగా, రోజుకి రెండుసార్లు, నా భార్య నిలబడింది. ఆ అంకెలన్నీ నా దగ్గర ఉన్నాయి. అందులో ఒక్కటి కూడా తప్పుగా రాసింది కాదు. ఆ అంకెలను చూసుకుంటూనే నేను తనని పోగొట్టుకున్నాను. లెక్క ఎక్కడ తప్పిందో చెప్పకుండా తప్పు ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం కాదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను మా ఊరి మంచినీళ్ల సంపు దగ్గర పంపు ఆపరేటర్ని. సముద్రానికీ హైవేకీ మధ్య, జీడితోటల్లో ఉంటుంది మా ఊరు. ఇక్కడ కిడ్నీలు పాడైన మనిషి లేని వీధి లేదు. ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేరు. బోరునీళ్లు తాగవద్దన్నారు, దూరంనుంచి పైపుల్లో ఏటినీళ్లు తెచ్చి సంపులో పోస్తున్నారు. సంపులోంచి నేను వీధులకు వదులుతాను.

నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది, అదీ తప్పి. లెక్కలు మాత్రం వదల్లేదు. సంపు కట్టేటప్పుడు గుంటూరు వైపునుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చారు. పంపుగది గోడ మీద సుద్దముక్కతో సంపు బొమ్మ గీసి, దాని చుట్టూ చుక్కల గీత గీశారు.

"ఈ గీత లోపల నీళ్లు ఎటు తిరుగుతున్నాయో, సుడి ఉందో లేదో నీకనవసరం. గీత దాటి లోపలికి ఎంత వచ్చిందో రాయి. గీత దాటి బయటికి ఎంత పోయిందో రాయి. రెండింటికీ తేడా ఎంతో, లోపల అంత పెరిగినట్టు, లేదంటే అంత తగ్గినట్టు. నీళ్లు ఉత్తినే పుట్టవు, ఉత్తినే మాయమూ కావు. అంతే లెక్క," అన్నారు.

దాన్ని కంట్రోల్ వాల్యూమ్ అంటారని తర్వాత పాత డిప్లొమా పుస్తకం ఒకటి సంపాదించి చదువుకున్నాను. నేను మాత్రం గీత అనే అనుకుంటాను. ఆ గీత నాకెంత నచ్చిందో చెప్పలేను. ప్రపంచంలో దేని చుట్టూనైనా గీయవచ్చు. లోపల ఏముందో తెలియక్కర్లేదు. గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ లెక్కపెడితే చాలు, ఇంట్లో ఎందరున్నారో తెలిసిపోతుంది.

ఒక వేసవిలో లెక్క కుదరలేదు. సంపులోంచి వదిలిన నీటికీ వీధుల్లో అందిన నీటికీ తేడా వస్తోంది. పైపులైను చుట్టూ ఒక గీత, తర్వాత సగం లైను చుట్టూ గీత, దాంట్లో సగం చుట్టూ ఇంకో గీత. అలా తగ్గించుకుంటూ పోతే ఒక జీడితోట కింద ఆగింది. అక్కడ తవ్వితే జాయింటు పగిలి ఉంది. ఆ రోజునుంచీ ఊళ్లో నన్ను లెక్కల మావ అన్నారు. వెక్కిరింత కూడా కలిసిన పేరే. నాకు మాత్రం గర్వంగానే ఉండేది.

నా భార్య మా మేనత్త కూతురు. నన్ను బావ అనే పిలిచేది. తనకి నలభై దాటాక కిడ్నీలు పాడయ్యాయని తేలింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటోలో తీసుకెళ్లేవాణ్ణి. మొదటిరోజే అక్కడి సిస్టరమ్మ చెప్పింది: "రోజుకి లీటరు నీళ్లు దాటకూడదు. ఒంట్లో చేరిన నీళ్లు మిషను తీసేస్తుంది. తీసేశాక మిగలాల్సిన బరువు యాభై రెండు కిలోలు. యాభై రెండుకి దించి పంపిస్తాం. మళ్లీ వచ్చేసరికి ఎంత పెరిగిందో అది నీరే అని గుర్తుపెట్టుకోండి."

ఆమె చెబుతుండగానే నా మనసులో చుక్కల గీత పడిపోయింది. నా భార్య చుట్టూ.

ఎందుకో ధైర్యం వచ్చింది. ఈ రోగం గురించి నాకేమీ తెలియకపోయినా, ఈ లెక్క తెలుసు. ఇంటికి రాగానే కాటా తెచ్చాను. నీళ్ల సీసాకి కాగితం అంటించి గీతలు పెట్టాను. తాగిన నీళ్లు ఒక గడి, పోసిన మూత్రం ఒక గడి, పొద్దుటి బరువు, సాయంత్రం బరువు. మూత్రం కొలిచే డబ్బా చూసి తను తల కొట్టుకుంది.

"ఓలమ్మ! ఇది కూడానా? రేపు నాను ఎన్నిసార్లు తుమ్మినానో కూడా రాస్తావా ఏటి?"

"తుమ్ములో నీళ్లు తక్కువే. అక్కర్నేదు."

"నయమే. నన్ను పిక్కల బస్తానాగ తూస్తన్నావు బావ. మూతి కుట్టేసి నంబరు కూడా ఏసెయ్."

మొదటి నెల లెక్క కుదరలేదు. తాగినదాంట్లోంచి మూత్రం తీసేస్తే మిగలాల్సినదానికన్నా రోజుకి మూడొందల గ్రాములు ఎక్కువ పెరుగుతోంది. మూడు వారాలు చూసి ఒకరోజు అడిగేశాను.

"ఒసే, నాకు తెలీకుండా నీళ్లు తాగతన్నావా?"

"నీ తోడు బావ, సుక్క కూడా తాగనేదు."

"మరి మూడొందల గ్రాములు ఎక్కణ్నుంచి వచ్చినాయే?"

"నాకేటి తెలుసు? నీ గీతనే అడుగు."

మర్నాడు అన్నం వార్చాక పళ్లెం కాటా మీద పెట్టి చూస్తే అప్పుడు తట్టింది. గ్లాసుడు బియ్యం అన్నమయ్యాక రెండింతలు దాటి తూగుతోంది. ఆ పెరిగినదంతా నీరే. నేను సీసానే చూశాను, పళ్లేన్ని చూడలేదు. 'అన్నంలో నీరు' అని కొత్త గడి గీసి, చెమటకీ ఊపిరికీ పోయేది కూడా అంచనా వేసి పెట్టాక లెక్క అతికినట్టు కుదిరింది. పరుగున వెళ్లి చెప్పాను. తను పప్పులో రాళ్లేరుతోంది. తలెత్తకుండానే అంది:

"నాను సెప్తే నమ్మనేదు గానీ, కూడు సెప్తే నమ్మినావు."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది.

ఆ తర్వాత ఏడాదిన్నర మా లెక్క తప్పలేదు. మిషను దిగేసరికి యాభై రెండు. రెండు రోజులకి యాభై మూడున్నర. మళ్లీ యాభై రెండు. డయాలసిస్ దగ్గర మిగతావాళ్లు మూడు, నాలుగు కిలోలు పెరిగి ఆయాసపడుతూ వచ్చేవారు. సిస్టరమ్మ నా పుస్తకం తీసుకుని అందరికీ చూపించేది. "ఈ అన్నయ్యని చూసి నేర్చుకోండి," అనేది. నా భార్య అవతలికి తిరిగి కొంగు నోట్లో పెట్టుకుని నవ్వేది.

ఆ తర్వాత తనకి తిండి సయించడం మానేసింది. "నోట్లో ఇనపముక్క పెట్టుకున్నట్టున్నాది బావ," అనేది. మూడు గరిటెల అన్నం రెండైంది, రెండు ఒకటైంది. గుడ్డు తినమన్నారు, వాసనకే కక్కేది. ఈ సంగతి కూడా నా పుస్తకంలో ఉంది. 'అన్నంలో నీరు' గడిలో నాలుగొందలు మూడొందలై, రెండొందలై, నూటయాభై అయింది. ఆ గడి చూసినప్పుడల్లా నేను సంతోషించాను. లోపలికి వచ్చే నీరు తగ్గుతోంది కదా అని. ఇప్పుడా పేజీలు తిరగేస్తే తెలుస్తోంది. ఒక మనిషి తిండి మానేస్తున్న సంగతి నా చేతిరాతతోనే, తేదీల వారీగా ఉంది. నేను దాన్ని లాభం కింద చదువుకున్నాను.

సిస్టరమ్మ అప్పుడప్పుడూ తనని అడిగేది. "అమ్మా, తిండెలా ఉంది?"

తను నోరు తెరిచేలోపు నేనే చెప్పేవాణ్ణి. "బరువు అలాగే ఉన్నాదమ్మా. రెండేళ్లైనా తేడా నేదు."

యాభై రెండుకి దించితే యాభై రెండే ఉంటుంది మరి. తేడా ఎలా వస్తుంది?

ఒక ఉదయం తను కాటా ఎక్కింది. నేను కింద కూర్చుని అంకె చూస్తున్నాను. తన పాదాలు నా కళ్ల ముందే ఉన్నాయి. వేళ్లకి మెట్టెలు లేవు. మొగుడు బతికుండగా మెట్టెలు తీయకూడదని మా ఇళ్లలో పట్టింపు.

"ఏటే, మెట్టెలేవి?"

"బిగిసిపోయినాయి బావ. ఏలు నల్లబడిపోతన్నాదని సబ్బు రాసి లాగీసినాను." తను మెడలోని పుస్తెలతాడు పైకెత్తి చూపించింది. రెండు మెట్టెలూ దానికి గుచ్చి ఉన్నాయి. "అలాగని తీసీనేదులే. కాళ్లవి మెడలో ఏసుకున్నాను. నీ కాటాకి తేడా రానీనేదు సూడు. గాజులు మాత్రం నిలబడ్డం నేదు, మోసేతి దాకా జారిపోతన్నాయి."

చెయ్యి పైకెత్తి గాజులు జార్చి చూపించింది. గలగలమంటూ మోచేతి దాకా వెళ్లాయి. నేను అంకె రాసుకున్నాను. యాభై రెండున్నర. మెట్టెలు మెడలో ఉన్నా ఒంటి మీదే ఉన్నాయి కనుక అపచారం లేదని సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు ఆ ఉదయం గుర్తుచేసుకున్నానో. పైన వదులు, కింద బిగువు. మొత్తం మాత్రం అదే. తన రోగం లెక్కంతా తను తాడుకి గుచ్చి మరీ చూపించింది.

కొన్నాళ్లకి తను పడుకోలేకపోయేది. గోడకి జారగిలబడి కూర్చుని కునుకు తీసేది. "తొంగుంటే గుండెల మీద ఎవులో కూకున్నట్టుంటాది," అంది.

"బరువు యాభై రెండే కదే. ఒంట్లో నీరు నేదు. గ్యాసై ఉంటాది," అన్నాను. సోడానో వామునీళ్లో ఇస్తే లోపలికి వచ్చే నీరు పెరుగుతుందని భయపడి, ఏమీ ఇవ్వలేదు.

అదే రోజుల్లో సంపు దగ్గర ఒక తగువు వచ్చింది. ఊరి చివరి వీధిలో ఉండే ఒకావిడ, నాకు వరసకి కోడలు, నా భార్యకి స్నేహితురాలు, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

"మావ, పదిరోజులై సూస్తన్నాను. మా ఈదికి నీళ్లు రాకముందే ఆగిపోతన్నాయి. ముందున్న ఈదులోళ్లకి ఎక్కువ ఇడుస్తన్నావా ఏటి?"

"సంపు గోడ మీద గుర్తు సూడమ్మా. రోజూ పొద్దున్న నిండా నింపుతన్నాను. గుర్తుకి అంగుళం తగ్గనేదు."

"గుర్తు తాగితే దాహం తీరతాదేటి మావ? బిందెలో పడాల గానీ."

కసురుకున్నాను. నిజానికి నా పుస్తకంలోనూ చిన్న తేడా కనిపిస్తూనే ఉంది. సంపు నిండడానికి లోపలికి రావాల్సినదానికన్నా తక్కువ నీరే సరిపోతోంది. వచ్చే పైపు మీటరు సరిగా తిరగడం లేదని రాసి పెట్టుకున్నాను. లెక్క కుదరకపోతే మీటరుది తప్పు, లేకపోతే మనిషిది. నా అలవాటు అది.

ఆమె పంచాయతీలో చెప్పింది. సంపు ఖాళీ చేసి చూడమన్నారు. ఒక మధ్యాహ్నం నీళ్లు తోడేసి, నేనే నిచ్చెన వేసుకుని దిగాను. కట్టినప్పటినుంచీ దాన్ని బయటినుంచి లెక్కపెట్టడమే గానీ లోపలికి దిగి చూసింది ఎప్పుడూ లేదు. కాలు పెడితే నేల తగల్లేదు. మెత్తగా దిగబడింది. బురద. నడుమ మోకాలి దాకా, మూలల్లో నడుం దాకా. ఏటినీళ్లతో ఏళ్లతరబడి వచ్చిన ఒండ్రు అక్కడే పేరుకుంది. ఎంత బురద పేరుకుంటే అంత నీరు తక్కువగా పట్టింది. పైన గుర్తు మాత్రం రోజూ నిండుగానే ఉంది.

ఆ బురదలో నిలబడి గోడ మీది గుర్తుని చూస్తూ ఉండిపోయాను. లోపల ఏముందో నీకనవసరం అన్నారు ఇంజనీరు. ఆయన తప్పు లేదు. ఆయన చెప్పింది నీళ్లు తప్ప మరేమీ లేని సంపు గురించి. నేనే దాన్ని బురద ఉన్న సంపుకి వాడాను. కండా ఎముకా ఉన్న మనిషికి వాడాను. మొత్తం మారకపోతే లోపల ఏదీ మారలేదనుకున్నాను. ఒకటి తగ్గుతూ ఇంకొకటి దాని చోటు నింపుతూ ఉంటే గుర్తు కదలదు.

తాడుకి గుచ్చిన మెట్టెలు కళ్ల ముందు ఆడాయి.

నిచ్చెనెక్కి అలాగే ఇంటికి పరిగెత్తాను. తను వసారాలో గోడకి ఆనుకుని కూర్చుంది. మోకాళ్ల దాకా బురద చూసి నవ్వింది.

"ఏటి బావ, సంపులో పడ్డావా?"

నేను పక్కన కూర్చుని, తన మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కాను. వేలు తీశాక గుంట అలాగే ఉంది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పూడింది. జబ్బ పట్టుకుంటే నా వేళ్ల మధ్య ఎముక తగిలింది. రవిక చేతులు సంచుల్లా వేలాడుతున్నాయి. రోజుకి రెండుసార్లు చూస్తూ వచ్చిన మనిషిని అప్పుడు చూశాను.

"ఎన్నాళ్లై ఇలాగున్నాదే?"

"మెట్టెలు తీసిన కాణ్నుంచి. సెప్పినాను కదేటి."

"నాకెప్పుడు సెప్పినావు?"

"కాటా మీద నిలబడి సెప్పినాను. నువ్వు అంకె రాసుకుంటన్నావు."

కోపంగా అనలేదు. నిన్న కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అంది.

మర్నాడు డయాలసిస్ దగ్గర డాక్టరుగారికి అంతా చెప్పాను. ఈసారి తనని మాట్లాడనిచ్చాను. ఆయన స్టెతస్కోపు పెట్టి ఊపిరి విని, ఛాతీకి ఎక్స్‌రే తీయించారు. ఒంట్లో కండ నాలుగైదు కిలోలు పోయిందనీ, దాని చోట అంత నీరూ నిలిచిపోయిందనీ, మిషను దిగాక కూడా అది అలాగే ఉండిపోతోందనీ చెప్పారు. అంత నీటినీ నెలల తరబడి తోడీ తోడీ గుండె సాగిపోయిందన్నారు. మిగలాల్సిన బరువుని కొద్దికొద్దిగా దించాలి. "మీ రికార్డు చాలా బాగుందండి," అని కూడా అన్నారు, పాపం, నన్ను ఓదార్చడానికే.

యాభై ఒకటి. యాభై. నలభై తొమ్మిది. నీరు దిగుతుంటే తన అసలు మనిషి బయటపడింది. చెంపలు లోపలికి పోయి, మెడ సన్నగా, చిన్నప్పుడు మా మేనత్త ఇంట్లో చూసిన పిల్లలా అయిపోయింది. ఒకరోజు చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. మధ్యాహ్నం రెండుగంటలు. నేను పంపు దగ్గరికి వెళ్లకుండా పక్కనే కూర్చుని ఆ నిద్ర చూశాను.

పుస్తకంలో కొత్త గడి గీశాను. 'తను చెప్పింది' అని పేరు పెట్టాను. బరువు రాయకముందు అది నింపేవాణ్ణి. తన మాటలు తన మాటల్లోనే.

'ఇయ్యాల ఊపిరి సులువుగా ఉన్నాది.'

'సింతకాయ పచ్చడి కలలోకొచ్చింది. ఉప్పు ఒద్దంటారు గానీ కలలో తింటే ఏటవుద్ది.'

'కాళ్లు నావే అనిపిస్తన్నాయి.'

'బావ కాటా మానేసి నా మొకం సూస్తన్నాడు. సిగ్గేస్తన్నాది.'

ఇది రాయనని అంటే, "రాయాల. ఏదీ ఒదలకూడదన్నావు కదా," అని పట్టుబట్టి రాయించింది.

ఆ గడిలో ముప్పై ఎనిమిది రోజులు ఉన్నాయి. అంతకు ముందువి ఏడొందల పైచిలుకు రోజులు ఖాళీ.

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున్న కాటా ఎక్కి దిగింది. ఏం చెప్తావే అని అడిగితే, "వొచ్చీసినాక సెప్తానులే, ఆటో ఆగున్నాది," అంది. దారిలో నా భుజం మీద తల వాల్చింది. నిద్రపోతోందనుకున్నాను. ఊపిరి సులువుగా ఉన్నందుకు సంతోషపడ్డాను కూడా. ఆస్పత్రి గేటు దగ్గర ఆటో ఆగాక లేపితే లేవలేదు. సాగిన గుండె ఆగిపోయిందన్నారు.

ముత్తైదువగా పోయింది కనుక పసుపు రాసి, పూలు పెట్టి సాగనంపాలన్నారు ఆడవాళ్లు. చివరి వీధి కోడలు తన మెడలోని తాడునుంచి మెట్టెలు విప్పి, కాళ్ల దగ్గర కూర్చుంది. ఎక్కవేమోనని ఎవరో గిన్నెలో నూనె తెచ్చి పెట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నూనె అక్కర్లేకుండానే మెట్టెలు ఎక్కాయి. ఎక్కి, గుండ్రంగా తిరిగాయి.

"వొదులుగా ఉన్నాయి మావ," అంది ఆమె, తలెత్తి నావైపు చూసి. దారప్పోగు తీసుకుని, జారిపోకుండా రెండు వేళ్లకీ చుట్టింది.

ఆ ఉదయం కాటా మీద అంకె నలభై ఏడున్నర. నీరు పోయాక మిగిలిన తన బరువు. అదే సరైన అంకె.